మిద్దెమీది బర్రెల సినిమా

జులై 9, 1978. ఆదివారం

ఆరాధన నుంచి వచ్చి నలభై ప్లేట్లు కడిగాను. ఆదివారం పని చేయకూడదు. కడగడం పని కాదు, శుభ్రత అంది లీలమ్మ. మా చెల్లెలు బడిపంతులమ్మ. దేనికైనా ఒక జవాబు కొంగున ముడేసుకుని ఉంటుంది.

ఎవరైనా అడిగితే తడబడకుండా ఒకసారి రాసిపెట్టుకుంటాను. ఇందులో దొంగతనం లేదు. ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో నేను ఇరవై ఆరేళ్లుగా ఆయాని. పాతబడిన ప్లేట్లను వేలం వేస్తారు. పత్తర్‌గట్టి సేట్ పాడుకుంటాడు. వాటి నల్లపూతలో వెండి ఉంటుంది. కాస్టిక్ సోడా నీళ్లలో ఆ పూత కడిగి మడ్డి ఆయనకిస్తే, ప్లేట్లు మాకు వదిలేస్తాడు. కడిగిన ప్లేటు గాజులా ఉంటుంది, కొంచెం నీలంగా. దాని మీద తమ్ముడు ఆనందరావు బర్రెను గీస్తాడు. ఇంకో ప్లేటు మీద అదే బర్రె, తోక వెంట్రుకవాసి జరిగి. ఒక్కొక్కటే కెమెరా కింద పెట్టి తీస్తే బర్రె నడుస్తుంది.

పదకొండు నెలలైంది. బర్రె ఇంకా మెట్లెక్కుతూనే ఉంది.

జులై 10

సోడాకు చేతులు పగిలాయి. ప్రార్థన చేసుకుని కొబ్బరినూనె రాశాను.

జులై 16

నిన్న సాయంత్రం తయారైనంత మేరకు గోడ మీద వేసి చూశాము. కెమెరా, సినిమా వేసే మెషిన్ రెండూ ఫోటో స్టూడియో మల్లన్నవి. సినిమా పాల బాలనర్సింహన్నది. మూసీ వరద వచ్చి ఈ సెప్టెంబరుకు డెబ్బై ఏళ్లు. అప్పుడు ఆయన తల్లి బుచ్చమ్మకు పదేళ్లు. పదకొండు బర్రెలను ఎవరిదో రాతిమిద్దె మీదికి ఎక్కించి, ఇంటిల్లిపాదీ మూడు రోజులు అక్కడే ఉండి బతికారు. ఆ కథ ముసలమ్మ కళ్లుండగానే బొమ్మల సినిమాగా చూపించాలని ఆయన పట్టు. గౌలిపుర పాలోళ్ల సంఘం సరేనంది. రచన సంఘం సెక్రటరీ వామన్‌రావు సార్.

గల్లీ పిల్లలను పిలిచి కూర్చోబెట్టాము. బర్రెలు మూడో మెట్టు ఎక్కేలోపు నిద్రపోయారు.

“ఏందిరా ఆనందరావు, పోరగాండ్లు గుర్రుపెడుతున్రు. ఇంటిల్లిపాది కూసొని చూసేటట్టుండాలె. ముసలోళ్లు ఏడ్వాలె, పోరగాండ్లు నవ్వాలె” అన్నాడు బాలనర్సింహన్న.

“వరదల నవ్వుడేముంటదన్నా?”

“గది నాకేమెర్క? నాకు బర్రెలెర్క, నీకు బొమ్మలెర్క.”

నేను చాయ్ అందిస్తూ ఒక్కమాట అడిగాను. “మూడు దినాలు పదకొండు బర్రెలు మిద్దె మీదుంటే, పెండ ఎవరెత్తిన్రన్నా?”

అంతే అడిగాను. బాలనర్సింహన్నకు చాయ్ ముక్కులోకి పోయింది. నిద్రపోయిన పిల్లలు లేచి కూర్చున్నారు. ఆనందరావు నన్ను వింతగా చూసి చెవి మీది పెన్సిల్ తీశాడు.

ఆ సినిమాతో నాకున్న సంబంధం ఇంతే. కడగడం. చాయ్ ఇవ్వడం.

జులై 23

తమ్ముడు కొత్త బొమ్మలు చూపించాడు. మిద్దె మీద పెండ కుప్ప గుట్టలా పెరుగుతుంది. కింద పడవలో కొత్వాలు వస్తాడు. పెద్ద బర్రె తోక ఎత్తుతుంది. కొత్వాలు టోపీ కనబడదు. తర్వాత గోడ మీద నీటి గీతలు. బర్రె ఉచ్చ పోసినప్పుడల్లా మూసీ ఒక గీత పైకి వస్తుంది.

బాలనర్సింహన్న కింద పడి నవ్వాడు. లీలమ్మ ఛీ ఛీ అంటూనే ఆ ధారకు పసుపు తానే కలిపింది.

ఆ వరదలో ఎన్ని ఇళ్లు పోయాయో, ఎంతమంది పోయారో. ఇది తగదని తమ్ముడితో అన్నాను.

“మరి తీసెయ్యాల్నా అక్కా?” అన్నాడు.

ఆలోచించి చెప్తానన్నాను.

జులై 25

ఇంకా ఆలోచిస్తున్నాను.

జులై 30

వామన్‌రావు సార్ వచ్చి కథ చదివి టేపు చేయించాడు. సినిమా నడుస్తుంటే పక్కన ఆ టేపు పెడతారు. మంచి గొంతు. కచేరీలో ముప్పై ఏళ్లు దస్తావేజులు చదివిన గొంతు. చదివినంతసేపూ వీధి తలుపు మూయించాడు. బయట మేక అరిస్తే మళ్లీ మొదటి నుంచి చదివాడు.

అందులో బర్రెలను ఎక్కించింది మగవాళ్లు, కాపాడింది మగవాళ్లు. ఆడవాళ్లు ఒక్కచోట “రోదించుచుండిరి” అని ఉంది.

“సార్, బుచ్చమ్మ వాళ్లమ్మ గూడ ఉండె కదా మిద్దె మీద. ఆమెకు పని ఉండకపోవునా? పెండ, పాలు, పిల్లలు...” అన్నాను.

“సుందరమ్మా, పెండ చరిత్ర కాదమ్మా” అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

“బొమ్మలు ఒక్కపాలి చూస్తరా సార్?” అని తమ్ముడు అడిగాడు.

“నా వాక్యం వింటే బొమ్మ దానంతట అదే కండ్ల ముందట నిలబడ్తది. నాకెందుకయ్యా బొమ్మలు?”

చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

నాకు కోపం రాలేదు.

ఆగస్టు 13

కెమెరా కింద ప్లేట్లు పెట్టే పని నాకు వచ్చింది. కుట్టుమిషన్ బల్ల మీద అద్దం, అద్దం కింద బల్బు. ఆకాశం ప్లేటు అడుగున, గోడ ప్లేటు దాని మీద, బర్రె పైన. వెంట్రుకంత కదిలినా తెర మీద బర్రె ఎగిరి గంతేస్తుందట. లీలమ్మ చెయ్యి వణుకుతుంది. తమ్ముడికి ఓపిక లేదు. నొప్పితో మెలికలు తిరిగే మనుషులను ఇరవై ఆరేళ్లు కదలకుండా పడుకోబెట్టిన చేతులు నావి.

మల్లన్న బటన్ నొక్కుతాడు. నేను తీస్తాను, పెడతాను. తీస్తాను, పెడతాను. లోపల ఒక ప్రార్థన నడుస్తూ ఉంటుంది. మంచి పని.

ఆగస్టు 20. ఆదివారం

పేర్ల పలక రాయడానికి వామన్‌రావు సార్ చీటీ తెచ్చాడు. పైన పెద్ద అక్షరాల్లో ‘మూసీ మహాప్రళయ గాథ’. కింద ‘రచన, వ్యాఖ్యానం, పర్యవేక్షణ: వామన్‌రావు’. తర్వాత సంఘం పెద్దలు ఏడుగురు. బాలనర్సింహన్న. మల్లన్న. లైటు కనెక్షన్ ఇచ్చిన ఇంటాయన.

ఆనందరావు రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

“సార్, నా పేరు?”

“నీ పేరు దేనికయ్యా? నువ్వు బోర్డులు రాసెటోనివి. బట్టల దుకాణం బోర్డు కింద నీ పేరు రాసుకుంటవా? రాసుకోవు గదా. గిది గట్లనే.”

“సరే సార్” అన్నాడు తమ్ముడు.

వాడికి నలభై నాలుగేళ్లు. పదిహేనో ఏట బ్రష్ పట్టాడు. పురానాపూల్ నుంచి చార్మినార్ దాకా సగం బోర్డులు వాడివే. సినిమా హాళ్ల ముందు నలభై అడుగుల బొమ్మలు వేశాడు. ఏ ఒక్కదాని మీదా వాడి పేరు లేదు. ఈ సినిమా మొదలైన రోజున నాతో అన్నాడు: “అక్కా, ఈసారి పేరు పడ్తది.” ఆ పెద్దమనిషి పేరును ఇవాళ వాడే రాశాడు. నీడ వేసి, అంచుకు బంగారు రంగు పూసి.

నాకు కోపం రాలేదు. ప్రార్థన చేసుకున్నాను.

ఆగస్టు 21

ఇవాళ కడగడానికి తీసిన కట్టలో ఒక ప్లేటు కనబడింది. నంబరు 1186. మూలన సీసపు అక్షరాలతో ఇంగ్లీషులో ‘వామన్‌రావు’.

గౌలిపురలో అందరికీ తెలిసిన కథే. తొమ్మిదేళ్ల కింద ఒక పెళ్లి విందులో సార్ మాట్లాడుతూ మాట్లాడుతూ తన కట్టుడు పన్ను మింగాడు. ప్లేటు తీసింది మా గదిలోనే. పక్కటెముకల కింద, వెన్నుపూసకు ఎడమ పక్కన, తీగతో సహా పన్ను తెల్లగా మెరిసింది. మూడో రోజు అది బయటికి వచ్చింది. దాన్ని మరిగించి కడిగి కాగితంలో చుట్టి ఇచ్చింది నేను. సార్ దాన్నే మళ్లీ పెట్టుకున్నాడు. ఆ చివరి మాట ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. చెప్పను.

ప్లేటు కడగకుండా పక్కన పెట్టాను. రేపు కడుగుతాను.

ఆగస్టు 22

సోడా అయిపోయింది.

ఆగస్టు 27. ఆదివారం

చివరి ఘట్టం తీశాము. మూడో రోజు తెల్లవారుజాము, వాన వెలిసిన ఆకాశం. తమ్ముడికి జ్వరం. పడుకునే, “అక్కా, అడుగున నల్లటి ఆకాశం ప్లేటు పెట్టు. నంబరు ఏసి పెట్టిన” అన్నాడు. మల్లన్నకు పెళ్లి ఫోటోల తొందర. అద్దంలోకి సరిగా చూడను కూడా చూడలేదు.

పెట్టాను.

ఆగస్టు 28

ఏ ప్లేటు పెట్టానో గుర్తు లేదు.

సెప్టెంబరు 3

ప్రార్థనలో మనసు నిలవడం లేదు. దోమలు.

సెప్టెంబరు 10

రీలు కడగడానికి మద్రాసు పోయింది. తిరిగి వచ్చేదాకా ఎవరూ చూడలేరు. కడగని ప్లేట్లు ఇంట్లో ఇంకేమీ లేవు. వెతికాను.

సెప్టెంబరు 27

రీలు వచ్చింది. రేపే ఆట. ముందు ఒకసారి వేసి చూద్దామంటే మల్లన్న మెషిన్ ఏదో పెళ్లికి పోయింది. రేపు సాయంత్రం నేరుగా సంఘం వాకిట్లోకే వస్తుందట.

తమ్ముడు కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. పేరు లేకపోయినా కొత్త చొక్కా.

సెప్టెంబరు 28. గురువారం

పొద్దుగూకగానే మొదలైంది. సంఘం వాకిలి నిండింది. మొదటి వరుసలో నులక మంచం మీద బుచ్చమ్మ. ఎనభై ఏళ్ల మనిషి. పక్కన శాలువా కప్పుకుని వామన్‌రావు సార్. లీలమ్మ తన బడిపిల్లలను వరుసగా కూర్చోబెట్టింది.

సార్ పేరు బంగారు అంచులతో వచ్చింది. చప్పట్లు. వాన వచ్చింది, మూసీ వచ్చింది, ముసలివాళ్లు కొంగులు తీశారు. బర్రెలు మిద్దె ఎక్కాయి. టేపులో సార్ గొంతు గంభీరంగా నడుస్తోంది.

“అహో! క్షణక్షణమునకు నీటిమట్టము పెరుగుచుండెను!”

బర్రె పోసింది. గీత పెరిగింది. మళ్లీ పోసింది. మళ్లీ పెరిగింది.

పిల్లలు గొల్లుమన్నారు. సార్ శాలువా సర్దుకున్నాడు. టేపు ఆగదు కదా.

“అంతట ఆ మహనీయుని శిరస్సుపై దైవానుగ్రహము వర్షించెను!”

కొత్వాలు టోపీ పోయింది. ఆడవాళ్లు కూడా నవ్వారు. మగవాళ్లలో కొందరు లేచి, “ఏం లొల్లి ఇది? మా తాత గా వరదలనే పోయిండు. గిదా చూపెట్టేది?” అని అరిచారు. వాళ్ల మాటలో తప్పు లేదు.

“తూర్పున ఆశాజ్యోతి ఉదయించెను!”

ఆకాశం వచ్చింది. మబ్బుల్లాగా పక్కటెముకలు. నడుమ నిచ్చెనలాగా వెన్నుపూస. కింద ఎడమ పక్కన, తీగతో సహా, తెల్లగా, నిండుగా పన్ను.

ఎవరో ముసలాయన, “చంద్రుడా?” అన్నాడు. అప్పుడు లీలమ్మ బడిపిల్లలు మూలనున్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, ఆమె నేర్పినట్టే, గట్టిగా, అందరూ ఒక్కసారిగా చదివారు: “వా... మన్... రావు!”

“పన్ను దొరికిందిరో!” అని వెనక నుంచి ఒక కేక.

తర్వాత నవ్వుల్లో ఏమీ వినబడలేదు. బుచ్చమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ముసలమ్మను ఏడిపించామని బాలనర్సింహన్న ముఖం మాడిపోయింది. సార్ ఎప్పుడు లేచి పోయాడో ఎవరూ చూడలేదు. కుర్చీ మీద శాలువా ఉంది.

తమ్ముడు మెషిన్ పక్కనే నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా చెమటకు తడిసిపోయింది.

సెప్టెంబరు 29

ఇవాళ విన్నవి.

బాలనర్సింహన్న: “నేను బర్రెలిచ్చిన అంతే. బర్రెలు నా ఒక్కనియే కావు, ఎవరన్న గీసుకోవచ్చు.”

మల్లన్న: “నేను బటన్ నొక్కెటోన్ని. బటన్‌కు ఏమెర్క?”

లైటు కనెక్షన్ ఇచ్చిన ఇంటాయన తన కరెంటు ఆ సినిమాకు కాదు, వాకిట్లో బల్బుకే ఇచ్చానంటున్నాడు. సంఘం పెద్దలు ఏడుగురూ అసలు తీర్మానమే జరగలేదంటున్నారు. మినిట్స్ పుస్తకంలో ఆ కాగితం లేదట.

లీలమ్మ: “నేను నీలి రంగు మాత్రమే ఏసిన. నీలిల తప్పేముంది?”

“పసుపు?” అన్నాను. లేచి వంటింట్లోకి పోయింది.

వామన్‌రావు సార్ ఆ టేపులో గొంతు తనది కాదని కబురు చేశాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను అడగరు.

సెప్టెంబరు 30

తమ్ముడు అన్నం ముట్టలేదు.

“నేనే కడగలేదేమో అక్కా. జ్వరంల నంబరు తప్పేసిన్నేమో. గా ఒక్క ప్లేటు నా చేతికి ఎట్లొచ్చిందో సమజైత లేదు.”

కంచం మీద మూత పెట్టాను.

సాయంత్రం సంఘం నుంచి మనిషి వచ్చాడు. రేపు మధ్యాహ్నం అందరి ముందర ఆనందరావు రీలు కాల్చి, సార్ కాళ్లు పట్టుకోవాలి. లేకపోతే గౌలిపురలో గాని, బయట సార్ మాట చెల్లే ఏ బజారులో గాని వాడికి ఒక్క బోర్డు కూడా ఇవ్వరు.

“కాలుస్త” అన్నాడు తమ్ముడు.

ఒక సంవత్సరం. రెండు వేల మూడు వందల బొమ్మలు.

గుర్తు లేదని రాశాను. చూశాను, వెనక్కి తిప్పి. నా అక్షరాలే.

గుర్తుంది.

అక్టోబరు 1. ఆదివారం

ఆరాధనలో ఏం చెప్పారో వినలేదు. నేరుగా సంఘం వాకిట్లోకి పోయాను.

అందరూ ఉన్నారు. నడుమ ఇటుకల మీద ఇనుప బొచ్చె, పక్కన కిరసనాయిలు సీసా. తమ్ముడి చేతిలో రీలు డబ్బా. బుచ్చమ్మను కూడా మంచం మీద తెచ్చి కూర్చోబెట్టారు, క్షమాపణ వినడానికి.

“ఆనందరావు చెయ్యలే. గా ప్లేటు నేను పెట్టిన. ఎర్కుండే పెట్టిన” అన్నాను.

బాలనర్సింహన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“చూసిన్రా? అక్క అంటే గిట్లుండాలె. ఆమె బతుకుల ఒక్క అబద్ధం ఆడలే. ఇయ్యాల తమ్ముని కోసం మొదటిపాలి ఆడుతున్నది.”

“అబద్ధం కాదన్నా.”

“ఊకో అక్కా, ఊకో. మాకు సమజైంది.”

ఆడవాళ్లు ముక్కులు చీదారు. ఒకామె వచ్చి నా చేతులు కళ్లకద్దుకుంది. వామన్‌రావు సార్ కూడా కుర్చీలోంచి లేచాడు. ముఖం నల్లగా ఉన్నా నాతో అన్నాడు: “సుందరమ్మా, నీ వంటి తోబుట్టువు ఇంటికొకతె ఉండాలె. ఆనందరావు, మీ అక్క ముఖం చూసి కాళ్లు పట్టుకునుడు మాఫ్ చేస్తున్న. రీలు కాల్చు, చాలు.”

తమ్ముడు డబ్బా మూత తీశాడు.

ఇంతకంటే చెడ్డ క్షణం నా జీవితంలో లేదు. నిజం చెప్పి మంచిదాన్ని అయ్యాను.

సార్ దగ్గరికి పోయి, ఆయనకు మాత్రమే వినబడేట్టు చెప్పాను. “నంబరు 1186. వెన్నుపూసకు ఎడమ పక్క, తీగకు రెండు వంకలు. ఆగస్టు ఇరవై ఒకటిన కట్టల దొరికింది. ఆరు దినాలు దాచిన. కడగలే.”

సార్ చెయ్యి దానంతట అదే నోటి దగ్గరికి పోయింది.

“మిగిలింది గూడ చెప్పినవా?”

“చెప్పలే. చెప్ప.”

కూర్చున్నాడు. “నిజమే. ఆమెనే చేసింది” అన్నాడు అందరితో. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మళ్లీ నన్నే అడిగాడు: “ఎందుకమ్మా? నేను నీకేం చేసిన?”

“మా తమ్ముని పేరు ఎయ్యలే సార్.”

“గింత దానికా?”

“గింత దానికే.”

తమ్ముడు నా వైపు చూడలేదు. రీలు వైపు చూస్తున్నాడు.

అప్పుడు మంచం మీద నుంచి బుచ్చమ్మ, “ఒరే నర్సింహా, గా అగ్గిపెట్టె ఇటియ్యి” అంది. ఇచ్చాడు. రొండిన దోపుకుంది.

“కాలుస్తే మీ తోలు తీస్త” అంది.

“అమ్మా, నువ్వే ఏడ్చినవ్ కదనే మొన్న?”

“ఏడ్చిన్నా? నవ్వలేక సచ్చిన. పొట్ట పట్టుకుపాయె. ఏడ్సుడు అప్పుడే అయిపోయిందిరా, డెబ్బై ఏండ్ల కింద. అందరు బతికిన్రని చెప్తరు గని, మా తమ్ముడు పోయిండు గా నీళ్లల్ల. ఏటేటా దండలేస్తరు, మైకుల చెప్తరు. పెండ ఎవలెత్తిన్రని ఒక్కడన్న అడిగిండా? మా అమ్మ ఎత్తింది. తట్టతోని. కొడుకు పోయిన తెల్లారి గూడ ఎత్తింది, బర్రెలు ఆగుతయా? తట్ట తీస్కపోయి మూసీల కుమ్మరించింది, తిట్టుకుంట కుమ్మరించింది. మూసీని గట్ల తిట్టినోళ్లను నేను మళ్ల చూడలే.”

తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. “నువ్వు గీసినోనివా? మిద్దె అచ్చం గట్లనే ఉండె. మా అమ్మ ఒక్కతే లేదు. పెట్టు.”

బాలనర్సింహన్న కిరసనాయిలు సీసా తీసి గోడ పక్కన పెట్టాడు.

వామన్‌రావు సార్ లేచాడు. “నా పేరు తీసెయ్యిండ్రి. నా గొంతు తీసెయ్యిండ్రి. కని తప్పు ఎవరిదో తెర మీద రాసి ఉండాలె. రేపు ఎవరన్న అడిగితే నోటిమాట నిలబడది.” ఏడుగురు పెద్దలు తమ పేర్లు కూడా తీసెయ్యమన్నారు. మల్లన్న, లైటు ఇంటాయన కూడా.

“రాయండి సార్” అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో తమ్ముడు ఒక్కమాటే అన్నాడు. “నా పేరు కోసమని నా ఆకాశం ఖరాబు చేసినవ్ అక్కా.”

అది ఎవరికీ చెప్పుకోలేని మాట. ఇక్కడ రాశాను.

అక్టోబరు 3

మాట్లాడడం లేదు. చాయ్ పెడితే తాగుతాడు, గ్లాసు కడిగి బోర్లిస్తాడు. మామూలుగా కడగడు.

అక్టోబరు 4. బుధవారం

నేను నడిపే స్త్రీల కూటానికి పోయి చర్చి అయ్యగారి భార్యకు అంతా చెప్పాను. ఆస్పత్రి సంగతి బయటపెట్టడం, దాచడం, గుర్తు లేదని రాసుకోవడం. క్రిస్మస్ దాకా కూటం నడపవద్దని, వెనక వరుసలో కూర్చోమని చెప్పారు. సరైన మాట. వెనక వరుసలో గాలి బాగా వస్తుంది.

అక్టోబరు 8

పొద్దున చూస్తే తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని, రీలు వెలుతురుకు పట్టుకుని, సూదితో ఏదో గీకుతున్నాడు. ఒక్కో గడి గోరంత ఉంటుంది. అలాంటివి నూటయాభై. మూలనున్న ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్క గడిలో చెరిపేస్తున్నాడు.

దీపం పట్టుకోనా అని అడిగాను. ఊ అన్నాడు.

మధ్యాహ్నానికి పేరు పోయింది. పన్ను ఉంది.

“అది గూడ గీకాల్నా?” అన్నాను.

చాలాసేపు చూశాడు. “వద్దు. చంద్రుడు మంచిగ కుదిరిండు. నాకు గంత మంచిగ గీయవస్తలేదు.”

తర్వాత ఒక కడిగిన ప్లేటు తీశాడు. తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక ఆడమనిషిని గీయడం మొదలుపెట్టాడు. చెయ్యి నడుం మీద, నోరు తెరిచి తిడుతూ. లీలమ్మ వచ్చి, అడగకుండానే చీరకు ఎర్ర రంగు కలిపింది.

అక్టోబరు 29. ఆదివారం

కొత్తగా తీసిన ముక్కలు మద్రాసులో కడిగించి, రీలుకు అతికించి, పురానాపూల్ దగ్గర ఆట వేశారు. ఆడవాళ్లే ఎక్కువ. పాలు పోసేవాళ్లు, కట్టెలమ్మేవాళ్లు. టేపు లేదు. ఎవరికి తోచింది వాళ్లే అరిచారు. తట్ట పట్టుకుని బుచ్చమ్మ తల్లి తెర మీదికి రాగానే వాళ్లు మూసీని తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయను. చీకట్లో వెనక గోడకానుకుని ఒకాయన తువ్వాలు ముఖానికి కప్పుకుని నిలబడ్డాడు. వామన్‌రావు సార్ అని లీలమ్మ అంటుంది. కాదన్నాను. చంద్రుడు వచ్చినప్పుడు ఆయన కూడా నవ్వాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

సినిమాకు ముందు పలక వచ్చింది. ఇప్పుడు దాని మీద రెండే పేర్లు. పైన ‘బొమ్మలు: ఆనందరావు’. నీడ లేదు, బంగారం లేదు. నల్లటి అక్షరాలు, బోర్డు మీద రాసినట్టే. ఆ పేరును ఎవరూ గట్టిగా చదవలేదు. వాడు మాత్రం చదువుకున్నాడు. పెదవులు కదిలాయి.

దాని కింద ‘తప్పులు: సుందరమ్మ’. ఒక్కటే తప్పు కదరా అంటే, ముందు ముందు పనికొస్తదని రాశానన్నాడు. దాన్ని పిల్లలు గట్టిగా చదివి చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చి మోకరించాను. చేసింది తప్పు, క్షమించు తండ్రీ అని మొదలుపెట్టాను. ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది. లేచి, ముఖం కడుక్కుని, మళ్లీ మోకరించి మొదటి నుంచి మొదలుపెట్టాను. కొత్వాలు టోపీ గుర్తొచ్చింది. మళ్లీ లేచాను.

నాలుగోసారికి వంటింట్లోంచి లీలమ్మ కేకేసింది.

“పైనున్నాయనకు ఎర్కైంది గని లే అక్కా, అన్నం సల్లారుతున్నది!”